గుక్క లెక్క

సోనాపురం మొగ దాటేసరికి ఇంకా చీకటే.
మా చెల్లి కూతురు మమిత నీళ్లలో,
నేను బోటులో, నలుగురు మగాళ్ల మధ్య.
ఆడది ఎక్కితే వల ఖాళీగా వస్తుందని
మావాళ్ల మాట. ఈరోజు వల లేదు గనక
ఎక్కనిచ్చారు.

నా పని ఒకటే:
అరగంటకోసారి గెడకర్ర చివర
వలసంచిలో సీసా పెట్టి చాపడం.
అది బోటు పట్టుకోకూడదట. నా చెయ్యి తగలకూడదట.
తగిలితే ఈదినదంతా ఈదనట్టే.
ముద్దలు పెట్టి పెంచిన చేతికి
ఇదేం మడి అనుకున్నాను. అనలేదు.

సాహు సారు బరంపురం నుంచి తెచ్చిన పొడి
నారింజ రంగు, మందుల షాపు వాసన.
గడియారం చూసి ఆయన ఒరియాలో రాసుకుంటాడు.
నాకు ఏ భాషా చదవడం రాదు.
బోటు అంచు చెక్క మీద బొగ్గుతో గీస్తాను,
సీసాకో గీత.

ఎనిమిదో గీత దగ్గర కక్కింది.
నారింజ నీళ్లు కెరటం మీద కాసేపు తేలి
చిన్న చేపలకు పోయాయి.
పెదాలు ఉబ్బి, నాలుక ఎండు సావిడాయిలా.
"తీపి వద్దే పెద్దమ్మా."

చుట్టూ ఇంత నీరు.
నేను చేపలకు ఉప్పు రుద్ది ఎండబెట్టే మనిషిని.
ఉప్పు ఏం చేస్తుందో నా చేతులకి తెలుసు:
లోపలి నీటిని మెల్లగా, మర్యాదగా
బయటికి పిలుస్తుంది.

సారు వద్దంటూనే ఉన్నాడు.
కుండ మూత తీశాను.
మూడు రోజుల తరవాణి,
పాత చీర చెంగులో వడగట్టింది.
"ఒక్క గుక్క. పుక్కిలించు. మింగకు...
ఇప్పుడు మింగు."
కళ్లద్దాల వెనక దాని కళ్లు కనబడవు.
గొంతుక కదలడం కనబడింది.
గీత పెట్టాను.

తర్వాత సారు అడగమన్నది అడగడానికి
నోరు రాలేదు.
"అడుగమ్మా, ఒంటికి పోసిందో లేదో.
పోయకపోతే ఎంత తాగినా లెక్కలోకి రాదు."
కొంగు నోటికడ్డం పెట్టుకుని అడిగాను.
అది నవ్వి, నలుగురికీ వినబడేలా:
"ఇప్పుడే! వెచ్చగా ఉందే!"
ఇంజను పట్టిన దానయ్య ఆకాశం చూశాడు.
సారు రాసుకున్నాడు,
తేదీ వేసినంత మామూలుగా.

నేనో?
నిన్న పడుకునే ముందు అరగ్లాసు.
ఆ తర్వాత చుక్క ముట్టలేదు.
బోటులో ఆడదానికి చాటు ఎక్కడుంది?
తట్టతో బరంపురం బస్సెక్కే రోజుల్లోనూ ఇంతే:
దాహాన్ని అడుగున పెట్టి
పైన పండుగప్పలు పేర్చుకోవడం.
ముప్పయ్యేళ్లు.
దీన్ని ఎవరూ ఈత అనలేదు.

పదిహేనో గీతకి బొగ్గు చేజారింది.
సముద్రం ఒకసారి నల్లగా, ఒకసారి తెల్లగా.
సీసా అందుకున్న పిల్ల
తాగకుండా వెల్లకిలా తేలుతూ,
"నువ్వు తాగినావా?" అంది.
తాగానన్నాను.
"అబద్దం. నీ పెదాలు సూడు."
సగం తాగి, సగం మిగిల్చి సంచిలో వేసింది.
కర్ర వెనక్కి లాక్కున్నాను.
దాన్ని ముట్టుకోలేదు, సారే సాక్షి.
దాని ఎంగిలి, ఉప్పు, తరవాణి పులుపు
నా గొంతులో దిగుతుంటే
ఆ గీత ఎవరి పేరున వెయ్యాలో తెలియలేదు.

గోపాలపురం లైట్‌హౌసు కింద
జనం దాన్ని తువ్వాళ్లలో చుట్టారు.
ఎవరో బోండాం కొట్టారు. ఎవరో ఫోటో అన్నారు.
సారు కాయితాలు గాలికెగిరితే
పిల్లలు వెంటపడ్డారు.
నేను నడుం లోతులో బోటు దిగి
ఒడ్డుకి వెళ్లకుండా నిలబడ్డాను.
"ఏటి, రావా?" అంటోంది మా చెల్లి.
వస్తున్నా.

ఎవరి వైపూ చూడకుండా,
దీపస్తంభం కిటికీలు లెక్కపెడుతూ ఉన్నాను.
చీర చుట్టూ ఒక్క నిమిషం
సముద్రం వెచ్చబడింది.