చీమల దారి

పగిలిన స్పీకర్‌లోంచి పీకిన అయస్కాంతం
పాత చేతిరుమాల్లో చుట్టుకొని వచ్చాను.
ఒక టార్చి, నాలుగు స్పానర్లు,
ఇంకా, పొద్దున అద్దం ముందు నిలబడి
సాధన చేసిన విసుగు మొహం.

చిత్తూరు బెల్లం మండీ. మధ్యాహ్నం రెండు.
చెంగల్రాయులు నాయుడు షెడ్డు తాళం తీసి
గోనె పట్టాలు ఒక్కొక్కటే లాగుతుంటే
ముందు రెండు గుండ్రటి దీపాలు,
తర్వాత నిలువు ఊచల పళ్ళు,
తర్వాత, ఒకప్పుడు ఆకుపచ్చ అయిన ఏదో రంగు.
ఎం.జి. రెండే సీట్లు.
నా నడుము దాకా కూడా రాదు.

"వేలూరు డాక్టరు బాకీ కింద వదిలిపెట్టి పాయ.
డెబ్బై ఎనిమిది నించీ ఈడనే ఉండాది.
ఏటా ఆయుధ పూజకు నిమ్మకాయలు తొక్కిస్తా.
ఒక్క చుక్క తుప్పు లేదు నైనా,
వాన చూస్తే కదా పాపం!"

నేనేమీ అనలేదు.
కొనేవాడు ముందు నోరు తెరిస్తే
ఎద్దు కూడా నవ్వుతుందని
పుంగనూరు సంతలో బేరాలు కుదిర్చిన మా మేనమామ అనేవాడు.

చక్రం ఊచలు ఒక్కొక్కటీ గోటితో మీటాను,
కుండ కొనేముందు మెటికతో కొట్టి వింటామే, అట్లా.
బిగువున్నది టింగుమంటుంది.
వదులైంది ఉలకదు, పలకదు.
ఒక చక్రంలోనే పదకొండు పలకలేదు.
ఆర్సీ పుస్తకంలో ఏడు, రేకు మీద ఒకటి.
గీత అరిగిందో, కలిపారో.
కింద నేల మీద అరచేతంత నూనె మరక.
నాయుడు చెప్పుకాలితో దాని మీదికి మట్టి తోస్తున్నాడు.
తోయనీ.
ఈ సీమ బండి కారుతోందంటే
లోపల ఇంకా నూనె ఉందన్నమాట.

తలుపు కింది పట్టీకి అయస్కాంతం ఆనించాను.
టప్పున పట్టుకుంది.
"చూస్తివా?" అన్నాడు నాయుడు.
చూశాను.
చూసి, లేవబోతూ, ఇంకొకటి చూశాను.

బెల్లం దిమ్మెల దగ్గర బయల్దేరిన నల్లచీమల బారు
టైరు పక్కగా వచ్చి
ఆ పట్టీ అడుగున మాయమవుతోంది.
జానెడు వెనక, చక్రం గూట్లోంచి
మళ్ళీ బయటపడుతోంది,
ఒక్కోటి ఒక్కో తీపి నలుసు మోసుకుని,
ఎవరికీ భయపడకుండా.

వెల్లకిలా పడుకుని టార్చి వేశాను.
పైన కొత్త రేకు. అది అయస్కాంతం కోసం.
దాని వెనక కన్నం. అది చీమల కోసం.
స్పానర్‌తో పొడిస్తే
ఎర్రటి పొడి మొహాన రాలింది.
తుప్పో బెల్లమో కంటికి తెలియలేదు.
నాలిక మీద వేసుకున్నాను.
రెండూ.

నాయుడు కాసేపు పైకప్పు రేకుల్ని లెక్కపెట్టాడు.
"సరే, స్టార్టు చేసి చూడు పో" అన్నాడు.

మొదటిసారి దగ్గింది.
రెండోసారి తిట్టింది.
మూడోసారి
నూనె ముల్లు ఇరవై, నలభై, అరవై,
అక్కడే నిలబడిపోయింది.
ఆ గొంతుకి మండీలో తూకం రాళ్ళు ఆగాయి.
మూట మోస్తున్న మునెప్ప
మూటతోటే ఇటు తిరిగాడు.
సీటు సన్నగా వణుకుతోంది,
నా వెన్ను దాన్ని కాపీ కొడుతోంది.
అద్దం ముందు సాధన చేసిన విసుగు
ఏ గేరులో జారిపోయిందో తెలియదు.
పక్క అద్దంలో ఎవరో
పదేళ్ళ పిల్లోడు ఇకిలిస్తున్నాడు.

నాయుడికి అది చాలు.
భుజం మీది తువ్వాల తీసి
తన చేతి మీద కప్పి, ముందుకు చాచాడు.

తువ్వాల కింద
నాలుగు వేళ్ళు పట్టాడు.
కన్నం కోసమని ఒకటి మడిచాను.
నా మొహం కోసమని
ఆయన దాన్ని మెల్లగా విప్పాడు.
మళ్ళీ మడిచాను.
ఇంజను ఆపలేదు ఇంకా, ఆపబుద్ధి కాలేదు.
లోపల చీకట్లో ఒక చీమ
నా వేలో, ఆయన వేలో
తేలకుండా నడుస్తోంది.