చిగుళ్ళ కాలం

ముప్ఫై ఎనిమిదేళ్ళకి పళ్ళకి తీగలు కట్టించుకున్నాను.
రిజె ఊళ్ళో, నల్లసముద్రం మీంచి
వాన ఆగని వారం అది.
"ఇప్పుడెందుకక్కా?" అన్నాడు తూకం దగ్గర కుర్రాడు.
వాడికేం తెలుసు,
నవ్వుకి ఒక చెయ్యి అడ్డం పెట్టుకుంటే
గిన్నె పట్టుకోవడానికి ఒక్కటే మిగులుతుందని.

నా ఉద్యోగం చప్పరించి ఉమ్మడం.
వరసగా పన్నెండు తెల్ల గిన్నెలు,
చెంచాడు టీ, జుర్రుమని ఒక పీల్పు,
ఒక్కో మాట: పచ్చి. మాడు. నిలవ. బాగు.
కొండ మీంచి గోతాల్లో దిగిన చిగుళ్ళకి
ధర కట్టేది నా నాలుకే.

రెండో నెలలో నా చిగుళ్ళే ఉబ్బాయి,
పురికొస బిగించిన గోతం మూతిలా.
హమ్సి చేప ముల్లొకటి మూడు రోజులు
బ్రాకెట్ వెనక కాపురం చేసింది.
ఉమ్మితే సింకులో గులాబీ రంగు.

డాక్టర్ నెజాహత్ అద్దం పట్టింది, తిట్టలేదు.
"పైపైన తోముతున్నావు. తీగ కింద ఎవరు తోముతారు?"
సీసాలు కడిగే బ్రష్షుకి పుట్టిన పిల్లలాంటిది,
వేలెడు కూడా లేనిది, చేతిలో పెట్టింది.
ఇంకో చేతిలో క్లోర్‌హెక్సిడిన్.
పొద్దునా రాత్రీ అర నిమిషం పుక్కిలింత,
పేస్టుతో తోమాక కాసేపు ఆగి.
రెండు వారాలే, ఆపైన వద్దు.
"మరక పడుతుంది, టీ తాగితే మరీను"
అని, నా ఉద్యోగం గుర్తొచ్చి
నాలుక కరుచుకుంది.

నాలుగో రోజుకి చేదు పోయింది.
ఉప్పూ పోయింది.
హమ్సి వేపుడు అట్టముక్క,
పన్నెండు గిన్నెల్లో పన్నెండు వేణ్ణీళ్ళు.
ఎవరికీ చెప్పలేదు. పంటి బిగువున
వాసన చూసి మార్కులు వేశాను.
పక్క బల్ల ఇద్రిస్ అన్న నా కాగితం చూశాడు.
ఏడో గిన్నె దగ్గర, తన పెన్సిలుతో,
చిన్నగా 'మాడు' అని దిద్దాడు.
నా వైపు చూడలేదు.

వగరొక్కటే పోలేదు.
అది రుచి కాదు కదా, తాకిడి.
బుగ్గల లోపల గరుకు వేలితో గీసినట్టు.
కరెంటు పోయిన ఇంట్లో గోడ తడుముకున్నట్టు
దాన్ని పట్టుకునే పది రోజులు నడిచాను.

రాత్రిళ్ళు అద్దం ముందు పావుగంట.
తీగ పైన, తీగ కింద, ఆ మూల దవడ.
ఓపిక లేదు నాకు. తిట్టుకుంటూనే తోమాను.
ఒక రాత్రి నురుగు తెల్లగానే పడింది.
నమ్మక ఇంకోసారి ఉమ్మాను.

సీసా అయిపోయిన మూడో రోజు
వానలో తడిసిన కోత వచ్చింది.
నాలుగో గిన్నె. నాలుక వెనక ఎక్కడో, సన్నగా,
చేదు.
ఉమ్మలేదు. మింగేశాను.
ఇద్రిస్ అన్న తలెత్తాడు.
"బాగోలేదు" అన్నాను, "ఒకటే చేదు."
గోధుమరంగు పళ్ళు, తీగలూ అన్నీ కనపడేలా,
రెండు చేతులూ గిన్నె చుట్టే ఉంచి
నవ్వాను.