మా పేజీ

మొదటిరోజు పేపరు జీపులో వచ్చింది
పర్లాకిమిడి బస్టాండుకి,
బానెట్‌కి పార్టీ రంగు రిబ్బను.
ఏజెంటు దాలయ్య ఊరికే పంచాడు.
నాయకుడి నవ్వింకా ఆరలేదు,
వేళ్లకంటింది.

మా ఓటు ఒడిశాలో.
అయినా లోపలెక్కడో ఓ పేజీ మాది.
కాశీనగర్ బోరింగుకి పిడి లేదని రాశాను.
బీడీఓకి తెలుగు రాదు.
ఎవరు చదివి చెప్పారో,
పిడి వచ్చింది.

గెలిచిన ఏడు
ప్రకటనల బరువుకి
దాలయ్య సైకిలు స్టాండు విరిగింది.

మళ్లీ ఎన్నికలు, పాతపట్నం అవతల.
వాళ్లు ఓడారు.
ముందు పీకేసింది మా పేజీనే.

ప్రెస్ కార్డు గడువు మార్చి దాకా ఉంది.
నిన్న కాశీనగర్ నుంచి ఫోను:
"పిడి మళ్లీ ఊడిపోనాది బాబూ."

ఏ వీధని అడిగి
రాసుకున్నాను.