నూటపన్నెండో నంబరు రాయి

కొత్తపట్నం దాటి దక్షిణంగా పోతే
తాళ్ళ వరస ఆగిపోయిన చోట ఒక పల్లెపాలెం.
నేను గొలుసు పట్టిన మొదటి ఊరు.
సర్వేయరు ముందు, వెనక నేను, నా వెనక ఎండ.
పటంలో ఊరికి నాలుగు మూలలా నాలుగు రాళ్ళు,
నేల మీద మూడే.

నూటపన్నెండో నంబరుది దిబ్బ కింద ఉందన్నారు.
ఏ దిబ్బ అని అడిగితే
తుపాకుల మాలకొండమ్మ
చంకలో కడవ దించకుండా గడ్డంతో చూపించింది.
"అదుగో అబయా, ఆ నడిచే దిబ్బ."

సముద్రం వైపు దాని వీపు,
ఎక్కుతున్నా ఎక్కినట్టుండదు.
ఊరి వైపు దాని మొహం,
కాలు మోపితే మోకాటి దాకా మింగే నిలువు జారుడు.
"గాలి యాడనుంచొస్తే ఆడ వాలు.
యాడికి పోవాలనుకుంటే ఆడ దూకుడు.
ఇంతే దీని చదువు" అంది.

మధ్యాహ్నం పైరగాలి లేచాక
బోర్లా పడుకుని చూశాను.
గాలి ఇసుకను మోసుకుపోదు.
రేణువును రేణువు తంతుంది.
ఒకటి ఎగిరిపడి రెండిటిని లేపుతుంది,
ఆ రెండూ నాలుగిటిని.
మోకాలెత్తున తెల్లటి పొగలాంటిది
శిఖరం దాకా పాకి
అంచు దాటగానే నీడలో పడింది.
అక్కడ గాలి చచ్చిపోయింది.
ఇసుక దిగింది.

ఎండాకాలం దక్షిణపు గాలి తోస్తుంది,
కార్తీకంలో ఈశాన్యపు గాలి.
ఇద్దరికీ పడదు గానీ
ఇద్దరూ సముద్రం మీద నుంచే రావాలి కదా.
వాళ్ళ తగువులో దిబ్బ పడమటికి జరుగుతుంది,
అన్నదమ్ముల తగువులో గట్టు జరిగినట్టు.

రావణాసురుడి మీసాల గడ్డి
ఎక్కడ గుచ్చుకుంటే అక్కడ ఇసుక ఆగుతుంది,
పొద పొద వెనకా ఒక సన్నటి తోక.
ఎవరో కాగితం మిల్లుకి
రెండెకరాల సరుగుడు కొట్టించారట.
ఆ సందులో దూరిన గాలి
సన్నబడింది, పదునెక్కింది.
ఆరు నెలలు తవ్వింది,
తవ్వి తవ్వి తడి తగిలాక మానుకుంది.
తడి ఇసుక గాలి మాట వినదు.
ఆ పల్లంలోనే మాలకొండమ్మ దొరువు.
మనుషులు తవ్వింది మూరెడే,
మిగతాదంతా గాలి చేసిన కూలి.
చెంబు ముంచి ఇచ్చింది.
సముద్రం రెండొందల గజాల్లో ఉందని
ఆ నీళ్ళకి తెలీదు.

గొలుసు బిగించి లాగాం.
మధ్యలో దిబ్బ పొట్ట అడ్డం.
పటం చదునుగా ఉంటుంది,
ఇక్కడి నేల దానికి ఏనాడూ సంతకం పెట్టలేదు.
ఫీల్డు బుక్కులో 'రాయి కనబడలేదు' అని రాసి
బస్సెక్కాం.

పందొమ్మిదేళ్ళకి మళ్ళీ వెళ్ళాను.
ఈసారి షేక్ మీరావలి చేతిలో
ఆకాశంతో మాట్లాడే మిషను.
నా గొలుసు ఆఫీసు బీరువాలో
తుప్పుకి ఉద్యోగం ఇచ్చింది.

రాయి ఉంది.
దిబ్బకి ఇవతల కాదు, అవతల.
సముద్రం వైపు, తడి చదునులో,
దిబ్బ తన మీదుగా నడిచి వెళ్ళిపోయాక
తీరిగ్గా నిలబడి ఉంది.
అంకెల్లో ఒకటి ఇసుక నాకేసింది,
పన్నెండు మిగిలింది.
పక్కనే మూడు పొయ్యిరాళ్ళు.
నిన్ననే కూడు దించినట్టు నల్లగా.
"మా అత్తవి" అంది మాలకొండమ్మ.
ఆమె కడవ ఇప్పుడు ప్లాస్టిక్కుది.
వంగి ఒక రాయిని తట్టి చూసింది,
వేడిగా ఉంటుందేమో అన్నట్టు.

మీరావలి లెక్క కట్టాడు.
ఏడాదికి పదకొండు అడుగులు.
ఆమె ఇంటి వెనక గోడకి ఇంకా ఎనభై.
చెప్పడానికి నసిగాడు, నా వైపు చూశాడు.
నేనే చెప్పాను.

"ఏడేళ్ళా?"
వేళ్ళు మడిచి ఏదో లెక్కేసుకుంది,
మా లెక్క కాదు.
"అయితే ఈ ఏడు
కప్పు మీద తాటాకు మార్పిచ్చుకోవచ్చులే."