గాలి బేరం

కావలి ట్రంకు రోడ్డులో ఖాదర్‌వలీ కొట్టు.
అరచేతిలో ఇమిడే ఎర్ర పెట్టె చూపించాడు,
లైటర్ సాకెట్లో గుచ్చితే చాలంట,
అంకెలు పచ్చగా వెలుగుతాయి, నూటయాభై!

"అది ఒత్తిడి," అన్నాడు మాల్యాద్రి.
"నిమిషానికెంత గాలి తోలుద్దో చెప్పు."
డబ్బా తిప్పి చూశారు. అడుగున చీమతలంత అక్షరాలు.

కరేడు ఇసకలో లారీ దిగబడకుండా
ఆరు టైర్లకీ గాలి తీసేది నేనే.
బరువు మోయలేక కూలబడ్డ గేదెలా
రబ్బరు ఇసక మీద పరుచుకుంటుంది.
తోటలోకి పోవడం తేలికే.
కాయలెత్తుకుని తారు రోడ్డు మొదట్లో ఆగినప్పుడు చూడాలి:
పోయినేడు ఇట్టాంటి ఎర్రదే
రెండో టైరుకి కాలిన కంపు కొట్టింది.
సింగరాయకొండ నించి మెకానిక్ వచ్చేసరికి తెల్లారింది.
అడుగు గంపల్లో బంగినపల్లి మెత్తబడింది.

"దాన్ని ఆడించు. పది నిమిషాలు."
మూలనున్న బరువైనది, జంట సిలిండర్లది,
పాత లారీ బ్యాటరీకి కరిపించారు.
కొట్టంతా దడదడ. టీ గ్లాసు బల్ల చివరికి నడిచింది.
మాల్యాద్రి దాని వీపున అరచెయ్యి ఆనించి
జొరం చూసినట్టు నిలబడ్డాడు.

పన్నెండో నిమిషం.
చెయ్యి మార్చాడు, తియ్యలేదు.

"ట్యూబు పొడుగెంత? వెనక చక్రానికి అందుద్దా?"
ఖాదర్‌వలీ దాన్ని కొట్టు బయటికి
పాముని లాగినట్టు లాక్కెళ్లాడు.

ధర ఇంకా ఎవరూ ఎత్తలేదు.