వేలు కదల్లేదంతే

కొత్తపేటలో, నాలుగో అంతస్తులో,
తెల్లారితే నా పిత్తాశయం తీసేస్తారనగా
మత్తు డాక్టరు నస్రీన్ వచ్చి మంచం అంచున కూర్చుంది.
"మీ ఇళ్ళల్లో ఆపరేషనయ్యాక
ఎవరైనా లేవడం ఆలస్యమైందా?"

అయింది.
పట్నంబజారు బెల్లం కొట్టు శేషారత్నమత్త.
యాభై రెండేళ్ళ కిందట, పెద్దాసుపత్రిలో
కాన్పు కష్టమై కోస్తే
బిడ్డ ఏడ్చాడు, తల్లి కదల్లేదు.
గాలితిత్తి చేత్తో నొక్కుతూ
ఒక కుర్ర డాక్టరు రాత్రంతా నిలబడ్డాట్ట.
అతని చెయ్యి పడిపోతే నర్సు, ఆ తర్వాత వార్డుబాయి.
దిష్టన్నారు. ముడుపు కట్టారు.
మావయ్యకి రెండో సంబంధం మాట కూడా
ఆ మంచం పక్కనే నడిచింది.

మర్నాడు లేచి అత్త అంది:
"నేను నిద్రపోలేదర్రా. వేలు కదల్లేదంతే."
గాజులు ఎవరడిగారో, ఏ ఊరి పిల్ల పేరెత్తారో
పూస గుచ్చినట్టు చెప్పింది.
మత్తులో కలవరింతలన్నారు.
పేరెత్తిన మనిషి మాత్రం మళ్ళీ ఆ గడప తొక్కలేదు.
చచ్చేదాకా అత్త అదే మాట చెప్పింది,
చచ్చేదాకా మేం తలూపాం.

ఆపరేషను వాయిదా పడింది.
నా రక్తం హైదరాబాదు వెళ్ళి
మూడు పేజీలై తిరిగొచ్చింది.
నాలుగే అక్షరాల భాషట.
అందులో ఒక్కచోట ఒకటి బదులు ఇంకొకటి.
కండల్ని సడలించే ఒకానొక మందు
అందరి ఒంట్లో నిమిషాల్లో కరిగేది
మా ఒంట్లో గంటలు కూర్చుంటుంది.

కొట్లో పెరిగినదాన్ని, నాకీ లెక్క తెలుసు:
చిట్టాలో పడ్డ తప్పు ఆవర్జాకెక్కుతుంది,
అక్కణ్ణుంచి కొత్త ఏటి పుస్తకానికి.
మేనరికాల మీద మేనరికాలు చేసుకుని
రెండు వైపులా అదే తప్పు రాసుకున్నాం.
అందుకే ఎప్పుడు కూడినా సరిపోయింది.

"దీన్ని దిద్దలేం," అంది నస్రీన్,
"దిద్దక్కర్లేదు కూడా. ఆ ఒక్క ఇంజక్షను మానేస్తే చాలు."
చిన్న అట్టముక్క మీద ఎర్ర సిరాతో రాసిచ్చింది,
పర్సులోంచి తియ్యొద్దంది.

కుట్లు ఊడదీశాక
జిరాక్సు పట్టుకుని పట్నంబజారు వెళ్ళాను.
ఆ రాత్రి ఏడ్చిన బిడ్డ, బదరి,
కళ్ళజోడు వెతుక్కుని, ఇంగ్లీషు కూడబలుక్కుని,
బెల్లం అంటిన వేళ్ళతో
కింద సంతకందాకా చదివాడు.
"అయితే అమ్మ అన్నీ విన్నదన్నమాట."

గల్లాపెట్టె మీద ఈగలు. ఎవరో అరకిలో అడిగారు.
తూచి, పొట్లం కట్టి, చిల్లరిచ్చి,
నావైపు తిరక్కుండానే అన్నాడు:
"నా ఏడుపు కూడా."