తప్పింది

సావోపావులోలో సాయంత్రం ఆరుంబావు.
గొడుగు తీయాలో వద్దో తేలనివ్వని జల్లు,
ఆ ఊళ్లో దానికో ముద్దుపేరు, గరోవా.
కొంగోన్యాస్ రన్‌వే కోసం
పదకొండు విమానాలు దారానికి గుచ్చినట్టు వస్తున్నాయి
అపార్ట్‌మెంట్ల నడినెత్తిన.

చీకటి గదిలో, తెర ముందు, జురేమా.
పందొమ్మిదేళ్లుగా ఆమె అమ్మే సరుకు ఒకటే, ఎడం.
పక్కకి మూడు మైళ్లు, కిందికి వెయ్యి అడుగులు.
ఉన్నన్నాళ్లూ
ఎవరూ దాని ధర అడగరు.

దిగమని చెప్పింది మూడు ఆరు ఏడు రెండుకి.
విన్నది మూడు ఆరు రెండు ఏడు.
"దిగుతున్నా" అన్నాడు,
ఇంటిపేరు కలిసిన ఇద్దరిలో
ఒకడి ఉత్తరం ఇంకొకడు చించినంత మామూలుగా.
సరిగ్గా అప్పుడే ఇంకెవరో మైకు నొక్కారు.
నంబరు మీద కీచుమని గీత పడింది.
ఆమె దాకా వచ్చింది "దిగుతున్నా" ఒక్కటే.
చాలనుకుంది.

తెర మీద రెండు పచ్చటి చుక్కలు
ఒకదాని అంకెల మీదికి ఒకటి జరిగి
చదవడానికి వీల్లేని ముద్దయ్యాయి.
ఎర్రబడ్డాయి.

కేకకి టైం లేదు.
పోయిన ఎడం కోసం ఒక్క మాట:
"ఎడమకి, వెంటనే ఎడమకి."
ఆపాటికే కాక్‌పిట్లలో యంత్రాలు మాట్లాడుకుని
ఒకరిని ఎక్కమన్నాయి, ఒకరిని దిగమన్నాయి.
అన్నదమ్ములు ఏళ్లకేళ్లు కోర్టులో తేల్చుకోలేని వాటా
చిటికెలో తెగిపోయింది.

పద్నాలుగో వరసలో కిటికీకి ముక్కానించిన పిల్లాడు
"అమ్మా, అదుగో ఇంకో విమానం" అన్నాడు.
"ఉంటాయిలే, బెల్టు పెట్టుకో."

జబక్వారాలో ఓ మేడ మీద
దుప్పట్లు లాగేస్తున్న దోనా ఒలిండా,
క్లిప్పు పళ్ల మధ్యనే ఉంచుకుని, తలెత్తింది.
రెండు హోరులు ఒకటై
మళ్లీ రెండయ్యాయి.
మబ్బు తప్ప ఏం కనపడలేదు.
ఒక దుప్పటి తడిసిపోయింది, ఆ కాస్త ఆలస్యానికి.

రెండు వందల అడుగులు.
తెలుగులో అయితే వెంట్రుకవాసి అంటాం,
ఆ వెంట్రుక ఎవరి తలదో అడగం.
తప్పింది అంటాం.
ఆ మాట కడుపులోనే తప్పు కూర్చుని ఉంటుంది,
పక్కనే తప్పిపోవడం, తప్పించుకోవడం.
రేపొచ్చే కమిటీకి మాత్రం మొదటిదే కావాలి.

ఒకటి దిగింది.
ఇంకొకటి ఊరి చుట్టూ తిరిగొచ్చి దిగింది.
వాల్దెసిర్ వచ్చి భుజం మీద చెయ్యేశాడు.
హెడ్‌సెట్ తీసి అతనికిచ్చేసింది, అది రూలు.
కాఫీలో మూడు చెంచాల పంచదార, ఎప్పుడూ వేసుకోదు.
కాగితం అడిగింది: జవాబు విన్నారా?
"విన్నాను" అని రాసింది.
కొట్టేసి, "విన్నాననుకున్నాను" అని రాసింది.
పెన్ను ఆ గడిలోనే కాసేపు ఆగింది.

బయటికి వెళ్లే దారి ప్రయాణికులు వచ్చే గేటు పక్కనుంచే.
వాళ్లు వస్తున్నారు. రెండు విమానాల వాళ్లూ కలిసిపోయి,
పెట్టె రాలేదని ఒకరు, టాక్సీ దొరకదని ఒకరు,
చల్లారిన శాండ్‌విచ్ గురించి ఇంకా తిడుతూ ఒకాయన.
ఆయన సూట్‌కేసు చక్రం ఆమె మడమని గీరింది.
"అయ్యో, చూసుకోలేదమ్మా."
"పర్లేదు."

బస్సు వచ్చి వెళ్లిపోయింది.
జురేమా ఆ గేటు ముందే, సరిగ్గా అడ్డంగా, నిలబడిపోయింది.
మోచేతులు, సంచులు, ఎవరిదో తడి కోటు,
పరిగెత్తుతున్న ఓ పిల్లాడి తల.
ఒక్కొక్కరూ వచ్చి తగులుతున్నారు.
తగలనిచ్చింది.